వేటకూ టార్గెట్‌కూ ఒకే విల్లంటూ మీరు అమ్మిన కిట్‌పై ఫిర్యాదు

కస్టమర్ సేవల విభాగాధిపతి గారికి,

విషయం: కాంపౌండ్ విల్లు కిట్‌లో వచ్చిన ప్రమాదకరమైన బాణాలు, తప్పుదారి పట్టించే సైజు పట్టిక, మార్పిడికి మీ సిబ్బంది నిరాకరణ.

ఆర్యా,

"వేటకూ టార్గెట్‌కూ సరిగ్గా సరిపోయే విల్లు, పెట్టె తెరవగానే వాడుకోవచ్చు" అన్న మీ ప్రకటన చూసి ఈ కిట్ కొన్నాను. ఆర్డరు రసీదు, ఫొటోలు, మీ సిబ్బందితో జరిగిన ఉత్తరప్రత్యుత్తరాలు ఈ లేఖకు జతచేశాను. చెప్పాల్సినవి చాలా ఉన్నా ముందు బాణాల సంగతే రాస్తున్నాను. ఇదే కిట్ కొన్న ప్రతి ఒక్కరి చేతికీ వాటివల్ల ముప్పు ఉంది.

ఈ విల్లు లింబ్‌లు, అంటే వంగే రెండు కొమ్మలు, 60 నుంచి 70 పౌండ్లవి; నారి లాగడానికి అంత బలం కావాలి. పెట్టెలోంచి తీసేసరికే 70 దగ్గర బిగించి ఉంది. దానికి జతగా మీరు పెట్టిన కార్బన్ బాణాల మీద స్పైన్ 500 అని ముద్రించి ఉంది. 28 అంగుళాల ఎడంలో రెండు ఆనికల మీద బాణం కాడను ఉంచి, నడుమ 880 గ్రాముల బరువు వేలాడదీస్తే కాడ ఎంత వంగుతుందో ఆ అంకె చెబుతుంది. 500 అంటే అర అంగుళం వంగుతుంది. 70 పౌండ్ల బలానికి, 29 అంగుళాల డ్రాకు (నారిని వెనక్కి లాగే పొడవు) కావలసింది 340 లేదా 300 స్పైన్ ఉన్న గట్టి కాడ. మీరు పంపినవి అంతకంటే చాలా మెత్తనివి. పైగా ఒక బాణాన్ని మొనతో సహా తూచి చూస్తే 310 గ్రెయిన్లే (బాణాల బరువుకు వాడే చిన్న కొలమానం) ఉంది. డ్రా వెయిట్‌లో (నారి లాగడానికి కావలసిన బలం) ప్రతి పౌండుకూ కనీసం 5 గ్రెయిన్ల బరువున్న బాణమే వాడాలని మీ మాన్యువల్లోనే రాసి ఉంది. ఆ లెక్కన ఈ విల్లుకు కనీసం 350 గ్రెయిన్ల బాణం కావాలి. మీ పుస్తకం వద్దన్న బాణాన్ని మీ పెట్టెలోనే పెట్టి పంపారన్నమాట.

ఇది చిన్న తేడా కాదు. వదిలిన విల్లులోని శక్తి బాణంలోకి వెళ్ళాలి. బాణం మరీ తేలికైతే ఆ శక్తిలో మామూలుకంటే ఎక్కువ వెనక్కి మిగిలి లింబ్‌లనూ కామ్‌లనూ (కాంపౌండ్ విల్లు కొసల్లో తిరిగే చక్రాలు) నారినీ కేబుళ్ళనూ కుదిపేస్తుంది. బాణమే లేకుండా నారి వదిలితే విల్లు విరుగుతుందని మాన్యువల్లో ఎర్ర అక్షరాలతో హెచ్చరించారు. తేలిక బాణం ఆ ప్రమాదానికి పక్కనే ఉంటుంది. ఇక మెత్తటి కాడ వదిలిన క్షణంలో మోయలేనంతగా వంగుతుంది. కార్బన్ కాడ అలా పగిలితే దాని చీలికలు విల్లు పట్టుకున్న చేతిలో దిగబడతాయి. రేంజ్‌లో కోచ్ గారు కాడ మీది అంకె చూసి నన్ను ఆపి, అక్కడున్న సరైన బాణాలు ఇచ్చారు. ఆపేవారు పక్కన లేని కొత్తవాళ్ళ పరిస్థితి ఏమిటి? "వాడుకోవడానికి సిద్ధం" అన్న మాటను వాళ్ళు నమ్ముతారు కదా.

రెండో సంగతి డ్రా లెంగ్త్. మీ పట్టిక నా ఎత్తు ఒక్కటే అడిగి 29 అంగుళాలు అని తేల్చింది. ఒకే ఎత్తున్న ఇద్దరి చేతుల పొడవు ఒకటే అయి ఉండాలని ఎక్కడుంది? రెండు చేతులూ బార చాపి, ఒక నడివేలి కొస నుంచి రెండోదాని కొస దాకా కొలిచి 2.5తో భాగించడం విలుకాళ్ళందరికీ తెలిసిన మొదటి అంచనా. నా బార 69 అంగుళాలు. అంటే డ్రా 27.5 దగ్గర ఉండాలి. మీ 29తో విల్లు ఎక్కుపెడితే నడుము వెనక్కి వాలుతోంది, ముందు చెయ్యి బిగుసుకుపోయి నారి ముంజేతిని కొడుతోంది, రిలీజ్ (నారి వదిలే చిన్న పరికరం) పట్టిన చెయ్యి దవడ దాటి చెవి వెనక్కి పోతోంది. ముక్కు కొస నారికి ఆనదు, పీప్ (నారిలో గురి చూసే రంధ్రం) కంటికి ఎదురుగా రాదు. ఒకటిన్నర అంగుళం తేడాను అలవాటుతో దిద్దుకోలేం. చక్రాలు లేని రికర్వ్ విల్లయితే కాస్త ముందే ఆపి వదలొచ్చు. కాంపౌండ్‌లో కామ్ తిరగడం పూర్తయి గోడకు ఆనినట్టు ఆగేచోటే ఆగాలి, ఆ చోటు మన ఒంటి కొలతకు సరిపోవాలి.

ఈ మోడల్లో డ్రా మార్చాలంటే కామ్ మీది మాడ్యూల్ అనే చిన్న భాగాన్నే మార్చాలి. కొన్ని విళ్ళలో ఉన్నట్టు స్క్రూ వదులు చేసి తిప్పుకునే వీలు లేదు. ఆ మాట అమ్మకం పేజీలో ఎక్కడా లేదు. 27.5 మాడ్యూల్ ఇవ్వమని అడిగితే "పెట్టె తెరిచారు కాబట్టి మార్పిడి కుదరదు, మాడ్యూల్ విడిగా కొనుక్కోండి" అన్నారు. పెట్టె తెరవకుండా విల్లు ఎక్కుపెట్టడం ఎవరికి సాధ్యం? మీ పట్టిక చెప్పిన కొలత తప్పయితే దాన్ని సరిచేసే ఖర్చు కూడా మీదే.

70 పౌండ్లు ఎక్కువని చెప్పినప్పుడు మీ ప్రతినిధి ఇచ్చిన జవాబు నన్ను ఇంకా బాధపెట్టింది. లెటాఫ్ (పూర్తిగా లాగాక తగ్గే బరువు) 80 శాతం ఉంది, పూర్తిగా లాగాక చేతిలో మిగిలేది 14 పౌండ్లే, కాబట్టి ఎవరైనా వాడొచ్చు అన్నారు. లాగి పట్టుకున్నాక 14 పౌండ్లే, నిజమే. కాంపౌండ్ విల్లును కనిపెట్టి 1969లో పేటెంటు పొందిన హోలెస్ విల్బర్ అలెన్ ఆవిష్కరణలోని గొప్పతనం అదే. కానీ ఆ 14 దగ్గరికి చేరాలంటే మధ్యలో 70 పౌండ్ల శిఖరాన్ని దాటాలి కదా. కూర్చుని, విల్లు ముందుకు చాచి, ఆకాశంవైపు ఎత్తకుండా నిదానంగా వెనక్కి లాగగలిగినంత బరువే తనకు తగిన బరువని అనుభవమున్న విలుకాళ్ళు చెబుతారు. వేటలో గంటలకొద్దీ చలిలో కదలకుండా కూర్చున్నాక, బిగుసుకుపోయిన కండరాలతో, జంతువు కంట పడకుండా లాగాల్సింది అలాగే. లైసెన్సుతో జింకల వేటకు అనుమతి ఉన్న చాలా చోట్ల చట్టం అడిగే కనీస బరువు 40 పౌండ్ల దగ్గరే ఉంటుంది. పదునైన మొన, సరిపడా బరువున్న కాడ, సరైన చోట తగలడం, వేటలో ఇవి ముఖ్యం. జంతువును గాయపరిచి వదిలేయకూడదన్న బాధ్యత విలుకాడిమీద ఉంది. శక్తికి మించిన విల్లు చేతికిచ్చి ఆ బాధ్యతను మీరు మరింత కష్టం చేస్తున్నారు.

మరి టార్గెట్ మాటో? వరల్డ్ ఆర్చరీ (అంతర్జాతీయ విలువిద్య సమాఖ్య) నియమాల ప్రకారం కాంపౌండ్ విల్లు గరిష్ఠ బరువు 60 పౌండ్లు దాటకూడదు. మీ లింబ్‌లను పూర్తిగా వదులు చేస్తే దొరికే అట్టడుగు బరువు 60. ఒక్క పౌండు ఎక్కువైనా పోటీ నుంచి పక్కన పెట్టేస్తారు. 50 మీటర్ల అర్హత రౌండులో 72 బాణాలు వేయాలి. అన్నిసార్లు లాగాల్సిన విల్లుకు ఈ లింబ్‌లు పెట్టడం ఏం తర్కం? దీని పొడవు, ఇరుసు నుంచి ఇరుసుకు, 30 అంగుళాలే. బ్రేస్ హైట్ (పిడి నుంచి నారికి ఉన్న దూరం) 6 అంగుళాలు. గుబురు చాటునో, మంచెమీదో కూర్చున్నప్పుడు పొట్టి విల్లు వరమే, కాదనను. అదే విల్లు నిలబడి గురి పెట్టేటప్పుడు చేతి వణుకునంతా చూపిస్తుంది, ముఖం దగ్గర నారి కోణం ఇరుకైపోతుంది. టార్గెట్ విళ్ళు 36 నుంచి 40 అంగుళాల దాకా ఉండటానికి కారణం ఇదే. ఒకే విల్లుతో రెండు పనులూ చేసుకోవాలనుకునేవారికి 33 నుంచి 35 అంగుళాల పొడవు, 7కు దగ్గరగా బ్రేస్ హైట్, 50 నుంచి 60 పౌండ్ల లింబ్‌లు సరిపోతాయని నా అభిప్రాయం. అలాంటి మోడల్ మీ దగ్గరే ఉంది, దాన్ని సూచించకుండా దీన్ని అంటగట్టారు.

వేగం గురించి రెండు మాటలు. సెకనుకు 340 అడుగులని పెద్ద అక్షరాల్లో వేశారు. ఆ అంకె 70 పౌండ్లు, 30 అంగుళాల డ్రా, 350 గ్రెయిన్ల బాణంతో కొలిచినది. డ్రా ఒక అంగుళం తగ్గితే సుమారు 10 అడుగులు పడిపోతాయి. బాణం బరువు పెంచితే, నారికి పీప్, డీ లూప్ (రిలీజ్ తగిలించే చిన్న తాడు) కడితే ఇంకా తగ్గుతుంది. కొలిచిన షరతులు ఆ అంకె పక్కనే ముద్రించాలి.

విల్లు పనితనంలో నాకు లోపం కనబడలేదు. రెండు కామ్‌లూ కలిసి తిరుగుతున్నాయి, నారి చుట్టు శుభ్రంగా ఉంది. చేసినవాళ్ళు శ్రద్ధగా చేశారు. అమ్మేవాళ్ళు అంత శ్రద్ధ చూపలేదు. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో కాంపౌండ్ మిక్స్‌డ్ టీమ్ పోటీ చేరింది కాబట్టి మొదటిసారి విల్లు కొనేవాళ్ళు ఇంకా పెరుగుతారు. వాళ్ళకు మీ పేజీయే గురువవుతుంది.

అందువల్ల నేను కోరేది ఇది. ఈ కిట్ బాణాల అమ్మకం వెంటనే ఆపి, ఇప్పటిదాకా కొన్న ప్రతి ఒక్కరికీ వాటిని వాడవద్దని తెలియజేసి, సరైన స్పైన్, సరైన బరువున్న బాణాలు పంపండి. నాకు 27.5 మాడ్యూల్‌నూ, 50 నుంచి 60 పౌండ్ల లింబ్‌లనూ మీ ఖర్చుతో అమర్చి ఇవ్వండి. బో ప్రెస్ (విల్లును నొక్కి పట్టే యంత్రం) లేకుండా లింబ్‌లు మార్చకూడదు కాబట్టి ఆ పని మీ అధీకృత టెక్నీషియనే చేయాలి. అది కుదరకపోతే విల్లు వెనక్కి తీసుకుని, రవాణా ఖర్చుతో సహా మొత్తం సొమ్ము తిరిగి చెల్లించండి. సైజు పట్టికలో బార కొలత అడగండి, మాడ్యూల్ విడిగా మార్చాల్సి ఉంటుందని రాయండి, "టార్గెట్‌కూ సరిపోతుంది" అన్న మాట ఈ మోడల్ నుంచి తీసేయండి.

ఈ లేఖ అందిన 15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబివ్వగలరు. రాకపోతే ఇవే పత్రాలతో వినియోగదారుల ఫిర్యాదుల విభాగాన్ని ఆశ్రయిస్తాను. బాణాల విషయంలో మాత్రం 15 రోజులు ఆగకండి, ఆ హెచ్చరిక ఈరోజే పంపండి.

ఇట్లు,
మీ కొనుగోలుదారు

జతచేసినవి: ఆర్డరు రసీదు, బాణం మీది స్పైన్ అంకె ఫొటో, తూకం ఫొటో, మీ సిబ్బంది జవాబుల ప్రతులు