రాత్రి గోళీ మానకు తమ్ముడూ

త్సుకుబా, జపాన్

తమ్ముడూ,

"ఇప్పుడు నాకేం బాధ లేదక్కా, రాత్రి గోళీ అప్పుడప్పుడు మరిచిపోతున్నా" అని ఫోన్‌లో అన్నావు చూడు, ఆ మాట విన్నప్పటినుంచి నాకు నిద్ర పడుతలేదు. అందుకే వివరంగా రాస్తున్నా.

అమ్మ ఇచ్చిన కిడ్నీ నీకు ఎంత బాగా పనిచేసినా, నీ ఒంట్లోని తెల్ల రక్తకణాలకు అది ఎప్పటికీ బయటిదే. నువ్వు వేసుకునే మందుల్లో టాక్రోలిమస్ ఆ కణాలను దాని మీదికి పోకుండా ఆపుతుంది. మైకోఫెనోలేట్ వాటి సంఖ్య పెరగనివ్వదు. ప్రెడ్నిసోలోన్ వాపును అణచివేస్తుంది. ఇప్పుడు నువ్వు బాగున్నావంటే ఈ మందుల వల్లే. కానీ బాధ లేదని ధీమాగా ఉండకు. రిజెక్షన్, అంటే ఒళ్లు ఆ కిడ్నీని తిప్పికొట్టడం, మొదలైనా చాలాసార్లు నొప్పి ఉండదు, ముందు కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష క్రియాటినిన్‌లోనే బయటపడుతుంది. అప్పటికి కొంత నష్టం జరిగిపోయి ఉండొచ్చు.

1954లో బోస్టన్‌లో మొదటిసారి కిడ్నీ మార్పిడి ఫలించింది ఒకే పోలిక కవలల మధ్య కాబట్టే. మిగతావాళ్లకు మందులు వచ్చాకే ఆశ పుట్టింది. నువ్వు వేసుకునే టాక్రోలిమస్‌ను 1984లో, నేనుంటున్న ఈ త్సుకుబా ప్రాంతపు మట్టిలోని బ్యాక్టీరియా నుంచే కనిపెట్టారు. అది తెలిసినప్పటినుంచి ఇక్కడి కొండను చూస్తే దండం పెట్టాలనిపిస్తుంది.

రక్తంలో టాక్రోలిమస్ ఎంతుందో చూసే లెవెల్ పరీక్షకు హైదరాబాద్ పోయే రోజు, నల్లగొండలో బస్సెక్కే తొందరలో పొద్దుటి గోళీ మింగకు. వెంట పెట్టుకో, రక్తం ఇచ్చాకే వేసుకో. లేకుంటే లెవెల్ తప్పుగా ఎక్కువ చూపిస్తుంది.

పంపర పనస, గ్రేప్‌ఫ్రూట్ అసలు ముట్టకు. టాక్రోలిమస్‌ను ఒంట్లో కరిగించే ఎంజైమును అవి అడ్డుకుంటాయి. దాంతో రక్తంలో మందు పెరిగి కిడ్నీకే దెబ్బ. మన తోట బత్తాయి రసంలో పొటాషియం ఉంటుంది, ఈ మందుతో కూడా ఒంట్లో పొటాషియం పెరిగే గుణం ఉంది. గ్లాసులకు గ్లాసులు రసం తాగే ముందు డాక్టర్ని అడుగు.

జ్వరమొస్తే ఊళ్లో నొప్పుల సూది వేయించుకోకు, ఆకు పసర్లు తాగకు. కొన్ని యాంటీబయాటిక్స్ లెవెల్‌ను పెంచుతాయి, టీబీకి ఇచ్చే రిఫాంపిసిన్ బాగా దించేస్తుంది. అందుకే ఏ మందు వేసుకోవాలన్నా ముందు మీ కిడ్నీ డాక్టరుకు ఫోన్ చెయ్యి. గోళీ తప్పిపోయినా అంతే, తర్వాత రెండు కలిపి మింగకు. పొద్దున ఎనిమిదికి, రాత్రి ఎనిమిదికి ఫోన్‌లో అలారం పెట్టు.

ఈసారి లెవెల్, క్రియాటినిన్ ఎంతొచ్చాయో వాట్సాప్‌లో పంపు. అమ్మకు కూడా బీపీ, మూత్రపరీక్ష ఏటా చేయించు, ఆమె ఒక్క కిడ్నీతోనే ఉంది కదా.

నీ అక్క