సైలెన్సర్‌కి కన్నం పెట్టే ముందు

ఎడిటర్ గారికి నమస్కారం.

దుంగలు కోసే చైన్‌సా పవర్ పెంచుకోవడం గురించి మీరు వేసిన చిట్కాల్లో 'సైలెన్సర్‌కి ఇంకో కన్నం పెట్టండి' అన్నది చదివాను. అబద్ధం కాదు, పవర్ నిజంగానే పెరుగుతుంది. కానీ మాట అక్కడితో ఆపేశారు, అసలు చెప్పాల్సింది ఆ తర్వాతే ఉంది. ఇలాగే సగం మాట విని నేను ఒక ఇంజను పాడుచేసుకున్నాను, అందుకే రాస్తున్నాను.

ఇవి టూ స్ట్రోక్ ఇంజన్లు. లోపల విడిగా ఆయిల్ ఉండదు, పెట్రోల్లో మనం కలిపే టూటీ ఆయిలే పిస్టన్‌కీ బేరింగ్‌లకీ దిక్కు. చాలా మిషన్లకు 50కి 1, అంటే లీటరుకు 20 మిల్లీలీటర్లు. సైలెన్సర్ తెరిస్తే పొగ సులువుగా బయటికి పోయి ఇంజను ఎక్కువ గాలి లాగుతుంది, గాలిలో పెట్రోలు కలిపే కార్బొరేటర్ మాత్రం పాత సెట్టింగ్‌లోనే ఉంటుంది కాబట్టి ఆ గాలికి తగినంత పెట్రోలు రాదు, పెట్రోలు చాలకపోతే దాంతో వచ్చే ఆయిలూ చాలదు, చల్లదనమూ చాలదు. మోసం ఎక్కడంటే, అలా పెట్రోలు తక్కువైన ఇంజను కాసేపు ఇంకా హుషారుగా తిరుగుతుంది. నాదీ అంతే. రెండు ట్యాంకులు భలేగా కోసింది, మూడో ట్యాంకులో దుంగ మధ్యలో ఆగిపోయింది, తాడు లాగితే కదల్లేదు. సైలెన్సర్ విప్పి చూస్తే పిస్టన్‌కి ఎగ్జాస్ట్ వైపు నిలువునా గీతలు, రింగు అతుక్కుపోయి ఉంది.

కాబట్టి కన్నం పెట్టినరోజే కార్బొరేటర్ మీద హెచ్ అని ఉండే స్క్రూని, అంటే ఫుల్ స్పీడులో వచ్చే పెట్రోలుని సర్దేదాన్ని, కొద్దికొద్దిగా విప్పుతూ సరిచేయాలి. చెక్కలో పెట్టకుండా ఫుల్ యాక్సిలరేటర్ ఇచ్చినప్పుడు శబ్దం కాస్త తడబడుతున్నట్టు ఉండాలి, చెక్కలో దించగానే ఆ తడబాటు పోయి శుభ్రంగా లాగాలి. ఖాళీగా ఉన్నప్పుడే ఈల వేసినట్టు సన్నగా అరుస్తుంటే పెట్రోలు చాలడం లేదని అర్థం, వెంటనే ఆపేయండి. ఇంకొక చిక్కుంది. కొన్ని మిషన్లలో స్పార్క్ ఇచ్చే కాయిల్‌లోనే, వేగం హద్దు దాటకుండా ఆపే స్పీడ్ లిమిటర్ ఉంటుంది, అది పనిచేసేటప్పుడు కూడా ఇంజను అచ్చం అలాగే తడబడుతుంది, చెవిని నమ్మితే మోసపోతాం. ఇంజను వేగం కొలిచే టాకోమీటర్ పెట్టి, కంపెనీ పుస్తకంలో ఇచ్చిన గరిష్ఠ ఆర్‌పీఎం దాటకుండా చూసుకోవడమే మంచిది.

సైలెన్సర్‌లో సన్నటి జాలీ ఒకటి ఉంటుంది. నిప్పురవ్వలు బయటికి రాకుండా ఆపేది అదే. పవర్ కోసం దాన్ని పీకేస్తున్నారు, దయచేసి పీకకండి, ఎండుగడ్డి మీద ఒక్క రవ్వ చాలు. మసి పడితే శుభ్రం చేసుకోవచ్చు కదా!

పవర్ కోసం సిలిండర్ కింద ఉండే బేస్ గ్యాస్కెట్ తీసేయడం, సిలిండర్‌లో గాలీ పొగా పోయే దారులు, అంటే పోర్టులు, అరగదీయడం కూడా చేస్తారు. గ్యాస్కెట్ తీస్తే పిస్టన్‌కీ సిలిండర్ పైభాగానికీ మధ్య కనీసం అర మిల్లీమీటరు సందు మిగలాలి, స్పార్క్ ప్లగ్ కన్నంలోంచి మెత్తటి సోల్డర్ తీగ దూర్చి, పిస్టన్‌తో నలిపి, నలిగినచోట మందం కొలుస్తారు. పోర్టుల పని మాత్రం కొత్తవాళ్లు ముట్టుకోకూడదనే నా గట్టి అభిప్రాయం, గ్రైండర్ ఒక్కసారి జారి లోపలి పూత లేచిందంటే ఆ సిలిండర్ ఇక పనికిరాదు.

నిజానికి పవర్ తగ్గిందని అనుకునే చాలాసార్లు తప్పు ఇంజనుది కాదు, చైన్‌ది. పదునున్న చైన్ పేళ్లు రాలుస్తుంది, మొద్దుబారింది పొడి రాలుస్తుంది. ఆకురాయితో ప్రతి పన్నునీ ఒకే కోణంలో పదును పెట్టి, పన్ను ఎంత లోతుకి కోయాలో నిర్ణయించే, పళ్ల ముందుండే గేజ్‌లని చైన్‌కి చెప్పిన కొలతకి, చాలా వాటికి 0.65 మిల్లీమీటరు, దించి, ఎయిర్ ఫిల్టర్ కడిగి చూడండి. నా రెండో మిషన్‌కి ఇంతే చేశాను, సైలెన్సర్ జోలికి పోలేదు, దుంగల పని అంతా దాంతోనే నడుస్తోంది.

ఈసారి ఆ చిట్కా వేస్తే కార్బొరేటర్ సంగతి కూడా పక్కనే వేయండి, వీలైతే చైన్ పదును గురించి దానికంటే ముందే వేయండి.

ఇట్లు,
మీ పాఠకుడు