తాతగారి 31 సెకన్లకి, లైబ్రేరియన్ గారి పెన్సిల్‌కి కృతజ్ఞతలు

మొన్న శనివారం మా తెలుగు బడి పిల్లల కార్యక్రమం అయినప్పటి నుంచి "భలే చేయించారు టీచర్‌గారూ" అని అందరూ నన్నే మెచ్చుకుంటున్నారు. నాకేమో లోపల్లోపల సిగ్గుగా ఉంది. నేను రాసిచ్చిన దాంట్లో సగం తప్పులే. దిద్దినవాళ్ళు వేరే ఉన్నారు. వాళ్ళ గురించి నలుగురికీ చెప్పకపోతే నాకు అన్నం సయించేలా లేదు.

తెలియనివాళ్ళ కోసం ముందు కథ చెబుతాను. మేముండేది మేరీలాండ్‌లో, జర్మన్‌టౌన్‌లో. శనివారాలు లైబ్రరీ గదిలో పిల్లలకి తెలుగు చెబుతాం. ఈసారి ఒక్కొక్కరూ ఈ రాష్ట్రానికి చెందిన ఒక మనిషి గురించి తెలుగులో ఐదు నిమిషాలు మాట్లాడాలని పెట్టాం. నాలుగో తరగతి పాప ఒకతి 2023లో మేరీలాండ్ లెఫ్టినెంట్ గవర్నర్ (గవర్నర్ తరవాతి పదవి) అయిన అరుణా మిల్లర్‌ని ఎంచుకుంది. ఆవిడ పుట్టింది హైదరాబాద్‌లో, 1964లో. పుట్టింటివారి ఇంటిపేరు కాట్రగడ్డ. ఏడేళ్ళప్పుడు, 1972లో అమెరికా వచ్చారు. పదవి పేర్లు చూసి నేను తెగ సంబరపడి ఫ్లయర్ తయారుచేసేశాను. అందులో "మొదటి" అన్న మాట ఐదు చోట్ల వాడాను.

ఆ ఫ్లయర్ గోడకి అంటించడానికి పర్మిషన్ అడుగుదామని లైబ్రేరియన్ గారి దగ్గరికి వెళ్ళాను. కింద ఇంగ్లిష్‌లో రాసిన నాలుగు లైన్లు చదివి, ఏమీ అనకుండా పెన్సిల్ తీసి రెండు చోట్ల సున్నా చుట్టారు. "మేరీలాండ్ మొదటి మహిళా లెఫ్టినెంట్ గవర్నర్" అన్నది తప్పట. క్యాథ్లీన్ కెనడీ టౌన్‌సెండ్ 1995 నుంచి 2003 దాకా ఆ పదవిలోనే ఉన్నారు. "మేరీలాండ్ శాసనసభలో మొదటి భారత సంతతి సభ్యురాలు" అని ఇంకోటి రాశాను. మొదటి మహిళ అనో ఇంకోటనో సర్దుకోవచ్చు గానీ, అది చదివినవాళ్ళకి ఆవిడకి ముందు మనవాళ్ళెవరూ లేరనిపిస్తుంది కదా అన్నారు. 1990లోనే కుమార్ బర్వే గెలిచారు. దేశంలో ఏ రాష్ట్ర శాసనసభకైనా ఎన్నికైన మొదటి భారత సంతతి మనిషిగా చెప్పేది ఆయన్నే. 2023 దాకా, ముప్ఫై ఏళ్ళు దాటి సభలో ఉన్నారు. మా పక్క ఊళ్ళ ప్రతినిధిగా ఉండేవారు! పదమూడేళ్ళుగా ఇక్కడుండి నాకు తెలియదు. ఆ లైబ్రేరియన్ గారికి తెలుగు రాదు కాబట్టి ఈ పోస్టు చదవలేరు. శనివారం నేనే వెళ్ళి చదివి వినిపిస్తాను.

రెండో మనిషి ఆ పాప వాళ్ళ తాతగారు. అమ్మమ్మా ఆయనా ఆర్నెల్లకని కూతురి దగ్గరికి వచ్చారు. ఆర్ అండ్ బి (రోడ్లు, భవనాల శాఖ) లో ఇంజినీరు, డి.ఇ.గా రిటైరయ్యారు. నా ఫ్లయర్ చూసి కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, "మొదటి, మొదటి, మొదటి... సరేనమ్మా, ఇంతకీ ఏం పని చేసిందావిడ?" అన్నారు. అక్కడ నేను దొరికిపోయాను. పదవులు చెప్పగలను, పని చెప్పలేను.

పనేమో ఆయన పనే. అరుణా మిల్లర్ సివిల్ ఇంజినీరు. మిస్సోరిలో రోలా అన్న ఊళ్ళో చదివి 1989లో డిగ్రీ తీసుకున్నారు. తరవాత మా మాంట్‌గొమరీ కౌంటీ రవాణా శాఖలో పాతికేళ్ళు పనిచేశారు. బళ్ళకీ ఆఫీసులకీ జనం నడిచీ సైకిలు మీదా క్షేమంగా చేరుకోగలరా అని చూసే పని. ఇది చెప్పగానే తాతగారు లేచి కూర్చున్నారు. "మనమ్మాయే!" అన్నారు. కాట్రగడ్డ అన్నప్పుడు కూడా అంత ఉత్సాహపడలేదు.

ఆ సాయంత్రమే మనవరాలిని తీసుకుని పెద్ద రోడ్డు మీద సిగ్నల్ దగ్గరికి బయల్దేరారు. నేనూ వెంట వెళ్ళాను. కూరల సంచిలోంచి ఓ పాత డైరీ తీసి, పాప చేత పదిహేను నిమిషాలు కార్లు లెక్కపెట్టించారు. నాలుగు నిలువు గీతలు, అయిదోది అడ్డంగా. పాపకి అది మహా ఆటగా ఉంది. తరవాత లెక్క: "ఆరు లేన్లు, లేనుకి పన్నెండు అడుగులేసుకో, డెబ్బై రెండు. మనిషి సెకనుకి మూడున్నర అడుగులు నడుస్తాడని ఈ దేశపు లెక్క. ఎన్ని సెకన్లు?" పాప ఫోన్లో చూసి ఇరవై ఒకటంది. "ఇప్పుడు నన్ను చూడు" అని బటన్ నొక్కి, నడవమనే తెల్ల బొమ్మ వెలగగానే చేతికర్ర పోటేసుకుంటూ బయల్దేరారు. అంకెలు తగ్గుతున్నాయి. ఆయన మధ్యలో ఉండగానే ఆగమనే ఎర్ర చెయ్యి గుర్తు స్థిరంగా నిలబడిపోయింది. అటు కార్లలో ఎవరూ హారన్ కొట్టలేదు గానీ నాకు మాత్రం టెన్షన్‌తో చెమటలు పట్టాయి. అవతలి గట్టు మీద కాలు పెట్టి వెనక్కి తిరిగి చెయ్యి ఊపారు. పాప టైమర్లో 31.

పాప ఉపన్యాసం మొదటి వాక్యం అదే అయింది: "మా తాతయ్యకి రోడ్డు దాటడానికి ముప్ఫై ఒక్క సెకన్లు పట్టింది. అరుణా మిల్లర్ గారు ఇలాంటివి లెక్కపెట్టే ఉద్యోగం చేసేవారు." నేను రాసిచ్చిన మొదటి వాక్యం "వలసదారుల ఆశాజ్యోతి" అని ఉండేది. దాన్ని తీసేయించినందుకు తాతగారికి విడిగా ఒక నమస్కారం.

మిగతా కథంతా ఆయన అడగడం, మేం వెతకడం. 1972లో వచ్చిన మనిషి పౌరసత్వం తీసుకున్నది 2000లో. ఇరవై ఎనిమిదేళ్ళు! గ్రీన్‌కార్డు క్యూలో ఉన్నవాళ్ళం మేం కొందరం ఆ అంకె దగ్గర కాసేపు ఆగాం. ఆవిడ కాలం వేరు, కారణాలు వేరు, అది ఒప్పుకుంటాను. ఆ తరవాత డెమోక్రటిక్ పార్టీలో వాలంటీరుగా తిరిగి, 2010లో హౌస్ ఆఫ్ డెలిగేట్స్‌కి గెలిచారు. మనకి ఎమ్మెల్యే లాంటిదే అన్నాను. "ఎంతమంది సభ్యులు?" 141. "రాష్ట్ర జనాభా?" అరవై లక్షల పైచిలుకు. "మన ఆంధ్రాలో అయిదు కోట్లకి 175 మందేనే" అని నవ్వారు. పైగా ఒక్కో నియోజకవర్గానికి ముగ్గురు చొప్పున ఉంటారంటే అస్సలు నమ్మలేదు. (పిల్లలకి ఇంకో చిక్కు: ఇక్కడ డిస్ట్రిక్టు అంటే జిల్లా కాదర్రా, నియోజకవర్గం అని పదిసార్లు చెప్పాల్సొచ్చింది.) సభ జనవరిలో మొదలై 90 రోజులే. అందుకే చాలామందికి వేరే ఉద్యోగం ఉంటుంది. ఆవిడ కూడా తొలి ఏళ్ళలో అటు సభ, ఇటు కౌంటీ ఉద్యోగం రెండూ నడిపారు.

2018లో డెలిగేట్ సీటు వదులుకుని అమెరికా కాంగ్రెస్‌కి పోటీ చేశారు. పార్టీ ప్రైమరీలో (పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికలో) రెండో స్థానం. గెలిచిన డేవిడ్ ట్రోన్ కోటి డాలర్లకి పైగా సొంత సొమ్ము పెట్టిన వ్యాపారి. ఈ ఓటమి పిల్లలకి చెప్పాలా వద్దా అని తల్లులం తర్జనభర్జన పడ్డాం. పాపే "చెప్పకపోతే 2018 నుంచి 2022 దాకా ఆవిడ ఏమైపోయినట్టు?" అంది. చెప్పాం. 2022లో గవర్నర్ పదవికి పోటీ చేసిన వెస్ మూర్‌తో కలిసి లెఫ్టినెంట్ గవర్నర్‌గా గెలిచి, 2023 జనవరి 18న భగవద్గీత మీద ప్రమాణం చేశారు. మేరీలాండ్‌లో రాష్ట్రమంతా ఓటేసే పదవికి వలస వచ్చిన మనిషి రావడం అదే మొదలు. పెన్సిల్ సున్నా పడని "మొదటి" ఇది.

ఆ పదవికి సొంతంగా పెద్ద అధికారాలేం ఉండవు, గవర్నర్ అప్పజెప్పిందే పని. ఈవిడకి అప్పజెప్పినవాటిలో ఒకటి మాత్రం తాతగారిని కదిలించింది. 2023 మార్చి 22న బాల్టిమోర్ చుట్టూ ఉండే 695 రోడ్డు మీద పని చేస్తున్న ఆరుగురు కూలీలు కారు గుద్ది చనిపోయారు. రోడ్డు పని జరిగేచోట ప్రాణాలు పోకుండా ఏం చెయ్యాలో చూసే బృందానికి ఈవిడనే పెద్దగా పెట్టారు. మరుసటేడు చట్టం వచ్చింది. అలాంటి చోట్ల కెమెరాకి చిక్కితే 40 డాలర్లుండే జరిమానా ముందు 80 అయింది, తరవాత ఎంత వేగానికి అంత అన్నట్టు మార్చారు. ఇది చదువుతుంటే తాతగారు చాలాసేపు మాట్లాడలేదు. తరవాత, "మా రోజుల్లో రెండు తారు డ్రమ్ములు, గ్యాంగ్ మజ్దూర్ చేతిలో ఓ ఎర్రగుడ్డ. అంతేనమ్మా సేఫ్టీ" అన్నారు. ఆ ముక్క కూడా ఉపన్యాసంలోకి ఎక్కింది.

రాష్ట్ర రాజధాని అనాపొలిస్‌కి ప్రయాణం ఏర్పాటు చేసిన డెలిగేట్ ఆఫీసు అమ్మాయికి థాంక్స్. నేను "మాకెవరికీ ఓటు లేదండీ" అని మొదలుపెడితే, "మీ అడ్రసు ఈ నియోజకవర్గంలోనే కదా, చాలు" అని టూరు టైము ఇచ్చేసింది. నిజానికి ఆ ఫోను చెయ్యడానికి నేను మూడు వారాలు జంకాను. స్టేట్ హౌస్ (శాసనసభ భవనం) గేటు దగ్గర ఫొటో ఐడీ అడిగితే తాతగారు దర్జాగా ఆధార్ కార్డు తీసి ఇచ్చారు. గార్డు అటూ ఇటూ తిప్పి చూస్తుండగా వాళ్ళమ్మాయి బ్యాగులోంచి పాస్‌పోర్టు తీసింది. ముందుచూపున్న కూతురు! లోపల జార్జ్ వాషింగ్టన్ 1783లో సైన్యాధిపత్యం వదులుకున్న గది చూశాం. పిల్లలకి మాత్రం ఓటింగ్ బోర్డు మీద ఎరుపు, ఆకుపచ్చ దీపాలే నచ్చాయి.

అరుణా మిల్లర్ గారు ఓ చోట చెప్పుకున్న ముచ్చటతో పాప ముగించింది. అమెరికాలో దిగిన రోజున మంచు పడుతుంటే, అంతకు ముందెన్నడూ చూడలేదు కనుక, తనకి స్వాగతం చెబుతూ ఎవరో కాగితం ముక్కలు చల్లుతున్నారనుకున్నారట. మంచు కన్నా చలి తాతగారికి ఎక్కువ తెలుసు కాబట్టి ఆయనొక్కరే నవ్వలేదు.

ఇక చివరగా, బస్సులో అందరికీ పులిహోర తెచ్చిన అక్కకి. ఎవరో నాకింకా తెలియదు, హడావిడిలో చూడలేదు. ఆవిడ స్టీలు డబ్బా మా ఇంట్లో ఉండిపోయింది. మూత మీద "వి.ల." అని చెక్కి ఉంది. కడిగి పెట్టాను, వచ్చే శనివారం బడికి తెస్తాను, తీసుకెళ్ళండి.