కిటూయి పెసలు

నైరోబీ,
ఆదివారం రాత్రి

ఒరేయ్ బాబ్జీ,

వాట్సాప్‌లో నువ్వడిగినవి మూడే ప్రశ్నలు. ఆదివారం పూట ఎక్కడికి పోతున్నావు, ఆ ఫాదర్లు చేసే పనేమిటి, అక్కడా మతం మార్చడమేనా అని. మూడు ముక్కల్లో చెబుదామని నాలుగుసార్లు టైప్ చేసి చెరిపేశాను. అందుకే ఈ ఉత్తరం. టీ పెట్టుకుని కూర్చో, పొడుగు ఎక్కువే.

ముందు చలి సంగతి చెప్పాలి. ఆఫ్రికా అంటే ఎండలే కదా అని మా అమ్మ ఆరు కాటన్ చొక్కాలు సర్ది పంపింది గుర్తుందా? నైరోబీ దాదాపు 1,800 మీటర్ల ఎత్తున ఉంది. జూలై రాత్రుల్లో పదీ పన్నెండు డిగ్రీలు. తెనాలి నుంచి వచ్చినవాడికి అది హిమాలయమే. వచ్చిన కొత్తలో రెండు దుప్పట్లు కప్పుకుని కూడా వణికేవాణ్ణి. అలాంటి చలిలో మా ఇంటి దగ్గరి మటాటూ స్టేజీలో, మూసేసిన షాపు మెట్ల మీద, ఒకే గోనెపట్టా కింద నలుగురు పిల్లలు పడుకునేవాళ్లు. (మటాటూ అంటే మన సర్వీస్ ఆటోకి పెద్దన్న. వ్యాను నిండా జనం, జనం కంటే ఎక్కువ పాటల హోరు.) ఆ నలుగురిలో ఒకడికి ఈల బాగా వచ్చు. పన్నెండేళ్లుంటాయి. అసలు పేరు రాయను, ఎందుకో తర్వాత చెప్తా. ఈలగాడు అనుకో.

వాడు రెండు వేళ్లు నాలుక కింద పెట్టి కొడితే అవతలి రోడ్డు మీద పోయే మటాటూ ఆగేది. జనాన్ని ఎక్కించినందుకు కండక్టరు ఐదో పదో షిల్లింగులు వాడి వైపు విసిరేవాడు. వాడి చేతిలో ఎప్పుడూ ఒక చిన్న ప్లాస్టిక్ సీసా ఉండేది. నేను మంచినీళ్లేమో అనుకున్నాను. చెప్పులు అతికించే జిగురురా అది! సీసా మూతిని ముక్కు కిందకి చేర్చి, పళ్లతో పట్టుకుని, చేతులు రెండూ వదిలేసి తిరుగుతుంటారు. అది పీలిస్తే ఆకలి తెలియదు, చలి తెలియదు. బన్ను గంటలో అరిగిపోతుంది, జిగురు పొద్దు గూకేదాకా వస్తుంది. వాళ్ల లెక్క వాళ్లది.

మొదటి క్రిస్మస్‌కి మనసు ఆగక వాడికి రెండు వందల షిల్లింగులు ఇచ్చాను. పెద్ద పుణ్యం చేసినట్టు ఇంటికొచ్చి హాయిగా నిద్రపోయాను. ఆ తర్వాత నాలుగు రోజులు స్టేజీలో ఈల వినబడలేదు. ఐదో రోజు వాడు కాలవ గట్టు మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసినా గుర్తుపట్టలేదు. చూపు ఎటో ఉంది, చొంగ కారుతోంది. నా రెండు వందలు ఎటు పోయాయో వేరే చెప్పాలా?

ఆ గట్టు మీదే ఫాదర్‌గారిని చూశాను. పాత జీన్స్, రబ్బరు చెప్పులు. వాడి పక్కన కూర్చుని మడమ మీద పుండు కడుగుతున్నారు. నేను ఎవరో, ఎందుకు నిలబడ్డానో అడిగి, నా ఇంగ్లీషు విని నవ్వి, "భోజనం అయిందా అండీ?" అన్నారు తెలుగులో! నైరోబీలో, మురికి కాలవ గట్టు మీద! మలయాళీ ఆయన. హైదరాబాదులో చదువుకున్న రోజుల్లో నేర్చిన తెలుగట, ఇంకా కొంచెం మిగిలుంది.

ఆయన సలేసియన్, అంటే ఒక కాథలిక్ ఫాదర్ల సభవాడు. డాన్ బోస్కో స్కూళ్లు తెలుసుగా, వాళ్లే. విజయవాడలో వీధిపిల్లల కోసం 1989లో మొదలైన నవజీవన్ బాలభవన్ కూడా వీళ్లదే. 1980 ప్రాంతంలో ఈ సభవాళ్లు ఆఫ్రికా మీద గట్టిగా దృష్టి పెట్టినప్పుడు, తూర్పు ఆఫ్రికా దేశాలకి మన దేశం నుంచే ఫాదర్లు వచ్చారు. మిషనరీ అంటే తెల్లదొర బొమ్మే కదా మన కళ్లముందుంటుంది. ఇక్కడ పిల్లలు ఈయన్ని చూసి మొదట "ముహిందీ" అంటారు, ఇండియావాడని. నన్నూ అదే అంటారు, కాకపోతే ఇండియావాడంటే షాపువాడే అనుకుని నీ షాపు ఏదని అడుగుతారు.

ఈయన కంటే ముందు కూడా ఈ ఊళ్లో ఈ పని చేసినవాళ్లున్నారు. ఆర్నాల్డ్ గ్రోల్ అని ఒక డచ్చి ఫాదర్, 1973లో ఉందుగు సొసైటీ పెట్టాడు. ఉందుగు అంటే స్వాహిలీలో అన్నదమ్ముల తనం. అప్పట్లో ఈ పిల్లల్ని 'పార్కింగ్ బాయ్స్' అనేవారు, కార్లకి జాగా చూపించి చిల్లర అడుక్కునేవాళ్లు కనుక. ఇప్పుడు జనం నోట్లో మాట 'చొకోరా'. చెత్త ఏరుకునేవాడు. తిట్టు కింద లెక్క. వీధిపిల్లల కోసం ఫాదర్‌గారు నడిపే ఇంట్లో (నేను ఆదివారాలు పోయేది అక్కడికే) ఆ మాట ఎవరన్నా అంటే ఆ పూట గిన్నెలు తోమాలి. ఒకసారి నేనూ నోరుజారి తోమాను, అరవై పళ్లాలు.

సలేసియన్ల మూలపురుషుడు జాన్ బోస్కో (డాన్ బోస్కో అనేది ఈయన్నే) కథ ఒకటి ఉంది. 1841 డిసెంబరు 8, ఇటలీలో టూరిన్ పట్నం. పల్లెల నుంచి పనుల కోసం వచ్చిపడిన కుర్రాళ్లతో వీధులు నిండిపోయిన కాలం. కొత్తగా ఫాదర్ అయిన బోస్కో పూజకి తయారవుతుంటే గుడి పనివాడు ఒక కుర్రాణ్ణి కొట్టి తరుముతున్నాడట. బర్తొలొమెయో గారెల్లి, పదహారేళ్లు, తాపీ పనివాడు, అమ్మానాన్నా లేరు. ఫాదర్ వాణ్ణి వెనక్కి పిలిపించి, చదవడం వచ్చా అంటే రాదన్నాడు. పాడటం? రాదు. పోనీ ఈల వేయడం వచ్చా? వాడు నవ్వాడు. తమ పనంతా ఆ నవ్వుతోనే మొదలైందని సలేసియన్లు చెప్పుకుంటారు. మరి ఈలగాడిని కూడా అలాగే అడిగారా అని మా ఫాదర్‌గారిని అడిగితే, "నాకు అడిగే పని పడలేదు, వీడు నన్ను చూసి పోలీసనుకుని ముందే ఈల కొట్టేశాడు, మిగతా ముగ్గురూ పరుగో పరుగు" అన్నారు.

ఇక పని. నేను అనుకున్నట్టు పిల్లల్ని వ్యాన్‌లో ఎక్కించుకుని తెచ్చి స్నానం చేయించడం కాదు. అలా తెస్తే రాత్రికే గోడ దూకుతారట. నెలల తరబడి వీళ్లే వాళ్ల దగ్గరికి పోతారు. పిల్లలు గుంపుగా ఉండే చోటుని 'బేస్' అంటారు. అక్కడికి ఫుట్‌బాల్, కట్టుగుడ్డలు, ఫ్లాస్కులో టీ పట్టుకెళ్లి ఊరికే కూర్చుంటారు. పిల్లవాడే ఒకరోజు "నేనూ రానా?" అంటాడు. అలా అనడానికి ఈలగాడికి ఏడు నెలలు పట్టింది. వచ్చిన మొదటి వారాలు నరకం. జిగురు లేక చెమటలు, తలనొప్పి, కొట్లాటలు. అప్పుడు ఒకడు కిటికీ అద్దం పగలగొట్టాడు. ఫాదర్ ఏమీ అనకుండా పుట్టీ తెచ్చి, వాడితోనే కొత్త అద్దం వేయించారు. ఎగుడుదిగుడుగానే ఉంది, ఇప్పటికీ మార్చలేదు.

అద్దం అంటే గుర్తొచ్చింది. అక్కడి ప్రతి గది తలుపుకీ అద్దం ఉంది, ఫాదర్ ఆఫీసు తలుపుకి కూడా. పెద్దవాళ్లెవరూ తలుపేసుకుని ఒక్క పిల్లవాడితో ఉండకూడదు. నాకు మొదట మండింది, నన్ను అనుమానిస్తున్నారా అని. తర్వాత ఆలోచిస్తే, దేవుడి పేరుతో నడిచే ఇళ్లలో పెద్దవాళ్ల చేతుల్లో పిల్లలు నాశనమైన సంగతులు ప్రపంచమంతా విన్నాం. ఆ అద్దం లేని చోటునే నేను అనుమానిస్తాను ఇప్పుడు.

నీ మూడో ప్రశ్న. కెన్యాలో 2019 జనాభా లెక్కల ప్రకారం నూటికి 85 మందికి పైగా క్రైస్తవులే. ఈలగాడికి నా కంటే ఎక్కువ కీర్తనలొచ్చు, వాళ్లమ్మ చర్చిలో పాడేది. ముగ్గురు ముస్లిం పిల్లలున్నారు, శుక్రవారం మసీదుకి పంపుతారు. రాత్రి పడుకోబోయే ముందు ప్రార్థన మాత్రం ఉంటుంది, అదేం దాచరు. ఒకప్పుడు తెల్లదొరల రాజ్యం వెనకాలే మిషన్లూ వచ్చాయి, భూములు పోగొట్టుకున్న జనం ఆ సంగతి ఇంకా మరిచిపోలేదు. ఆ లెక్క ఆ లెక్కే, నేను వెనకేసుకు రాను. కానీ ఈ ఇంట్లో నాకు కనబడేది మతం మార్పిడి కాదు. ఇంటికి చేర్చడం. నిజం చెప్పాలంటే నేను ఇన్నాళ్లూ పొరబడింది అక్కడే. అనాథాశ్రమం అనుకున్నాను. సగానికి పైగా పిల్లలకి తల్లి బతికే ఉంది!

ఈలగాడు తన ఊరి పేరు ఐదుసార్లు ఐదు రకాలుగా చెప్పాడు. అబద్ధమని అందరికీ తెలుసు, ఎవరూ నిలదీయలేదు. ఒకరోజు చపాతీ తింటూ, మా ఊరి మొదట్లో పేద్ద బావోబాబ్ చెట్టుంది, దాని తొర్రలో మేకలు పడుకుంటాయి అన్నాడట. అది పట్టుకుని సోషల్ వర్కర్ ఆవిడ కిటూయి వైపు రెండుసార్లు తిరిగొచ్చింది. మూడోసారి వాణ్ణి తీసుకుని వెళ్లేటప్పుడు నన్నూ రమ్మన్నారు. నైరోబీ నుంచి నాలుగైదు గంటలు. దిగేసరికి ఎర్రమట్టి, తుమ్మచెట్లు, పసుపు ప్లాస్టిక్ డబ్బాలతో నీళ్లు మోసుకుపోయే ఆడవాళ్లు. అచ్చం అనంతపురం. చేలల్లో ఏముందో తెలుసా? పెసర! ఇక్కడ 'న్దెంగు' అంటారు. ఆ జిల్లా పెసలకి పేరట.

వాళ్లమ్మ ఆ కాయలే ఎండబోసుకుంటోంది. వీణ్ణి చూసి లేవలేదు. ముందు తిట్టింది. కాంబా భాష నాకు ఒక్క ముక్క రాదు, అయినా తిట్లని తెలిసిపోయింది. తిరనాళ్లలో తప్పిపోయి దొరికినప్పుడు మా అమ్మ నన్ను తిట్టిన రాగమే అది. తిడుతూనే లోపలికి పోయి, మొక్కజొన్న గింజలూ చిక్కుళ్లూ కలిపి ఉడకబెట్టిన గితేరీ పళ్లెం తెచ్చి వాడి ముందు పెట్టింది. తర్వాత గోడ వైపు తిరిగి కూర్చుంది. వాడు తలెత్తకుండా తిన్నాడు. నేను పెసరకాయలు వలుస్తూ కూర్చున్నాను, ఇంకేం చేయాలో తెలియక.

సినిమా అయితే ఇక్కడ శుభం కార్డు పడేది. మూడు వారాలు తిరక్కుండా ఫాదర్‌గారి ఇంటి గేటు బయట మళ్లీ ఈల వినబడింది. మారుతండ్రి. వాడి వీపు మీద ఏముందో రాయను. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చి, మొత్తం వృథా అన్నాను ఫాదర్‌తో. ఆయన "పోయినసారి పారిపోయినప్పుడు ఈ ఊళ్లో వాడికి తెలిసినవాళ్లెవరూ లేరు, ఈసారి నేరుగా మన గేటుకి వచ్చాడు" అని, చెప్పులు వేసుకుని కట్టుగుడ్డలు కొనడానికి వెళ్లిపోయారు.

రెండో ప్రయత్నంలో మేనమామ దొరికాడు. కిటూయి టౌన్లో బైకుల మెకానిక్కు. మేనమామ అన్న మాట వినగానే నాకు సగం టెన్షన్ తగ్గింది. మన బుద్ధి ఎక్కడికి పోతుంది! జనవరి నుంచి వాడు అక్కడే బడికి పోతున్నాడు. 2003 నుంచి ఇక్కడ ప్రైమరీ చదువుకి ఫీజు లేదు, కానీ యూనిఫాం, బూట్లు, పుస్తకాలు ఎవరిస్తారు? అవి మిషన్ చూస్తుంది. సోషల్ వర్కర్ నెలకోసారి పోయి చూసొస్తుంది. మారుతండ్రి మీద అక్కడి పిల్లల అధికారికి ఫిర్యాదు కూడా ఇచ్చింది. అది ఎటూ తేలలేదు.

పేరు ఎందుకు రాయలేదంటే, ఈ మధ్య ఒక బృందం వచ్చింది, విరాళాలిచ్చేవాళ్లు. ఏ దేశమో అనవసరం. శుభ్రంగా ఉన్న పిల్లవాణ్ణి పట్టుకుని, నీ పాత చిరిగిన చొక్కా ఉందా, ఫోటోకి అది వేసుకో అన్నారు. ఫాదర్ కోప్పడగా నేను చూసింది ఆ ఒక్కసారే. విరాళం కూడా పోయినట్టుంది. అప్పటినుంచి బయటివాళ్లు ఫోన్లు గేటు దగ్గర డబ్బాలో పడేయాలి, పేర్లు ఎక్కడా రాయకూడదు. కాబట్టి ఫోటోలు పంపమని నన్ను సతాయించకు.

అసలు పని ఇప్పుడు చెప్తున్నాను. నిన్న కిటూయి బస్సులో ఒక మూట వచ్చింది. ఐదు కిలోల పెసలు. మీద బొగ్గుతో 'ముహిందీ' అని రాసుంది. వాళ్లమ్మ పంపిందట, కాయలు వలిచిన ముహిందీకి. వచ్చే ఆదివారం పిల్లలందరికీ పెసరట్లు వేస్తానని గొప్పలు పోయాను. ఫాదర్‌గారికి ఉప్మా కూడా కావాలట. రవ్వకి ఇబ్బంది లేదు, పార్క్‌లాండ్స్‌లో డైమండ్ ప్లాజాకి పోతే అన్నీ దొరుకుతాయి. ఉగాలీ (మొక్కజొన్న పిండి ముద్ద) కలిపే పెద్ద పెనం ఉంది, అట్లకాడ లేదు, తాపీతో తిప్పుదామనుకుంటున్నా. మీ అమ్మనడిగి వెంటనే రాయి. ఐదు కిలోలకి అల్లం ఎంత, పచ్చిమిర్చి ఎంత, ఈ చలికి రాత్రంతా నానబెట్టాలా, గుప్పెడు బియ్యం వేయాలా వద్దా? శుక్రవారం లోపు కావాలిరా.

నీ
ముహిందీ