గానికస్ కాదు, టైటస్

ప్రియమైన రమణా,

నీ ఉత్తరం చదివి నవ్వుకున్నాను. రోమన్ కత్తిమల్లుల (గ్లాడియేటర్ల) కథ 'స్పార్టకస్' టీవీ సిరీస్‌కు ముందుకథ 'గాడ్స్ ఆఫ్ ది అరీనా'ను పిల్లలు పడుకున్నాక చూశానన్నావు, మంచి పని చేశావు. ఆ రక్తం, ఆ దిగంబరత్వం ఇంట్లో పెద్దవాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని చూసే సరుకు కాదు. అయినా ఆ గుడ్డలూడదీసిన గొడవ వెనక అంత గట్టి కథ ఉందని నీకూ అనిపించిందంటే నా పోరు ఫలించినట్టే.

'గాడ్స్ ఆఫ్ ది అరీనా' అసలు ముందే అనుకుని తీసింది కాదు. 2010లో 'స్పార్టకస్' మొదటి సీజన్ అయ్యాక స్పార్టకస్ వేషం వేసిన ఆండీ విట్‌ఫీల్డ్‌కు క్యాన్సర్ అని తేలింది. అతను కోలుకునేదాకా ఆగడానికి, అతని అవసరం పెద్దగా లేని కథ ఒకటి అల్లుకుని 2011 మొదట్లో ఆరు ఎపిసోడ్లు వేశారు. ఆ సెప్టెంబరులోనే పాపం అతను పోయాడు. కథానాయకుడు లేకుండా, తప్పనిసరై తీసిన ఆ ఆరే మొత్తం సిరీస్‌లో బిగువైనవని నా అభిప్రాయం. ఆ మల్లుల యజమాని బటియాటస్ గతి ఏమవుతుందో మనకు ముందే తెలుసు, అయినా కదలబుద్ధి కాదు. అభిమన్యుడు తిరిగి రాడని తెలిసీ పద్యనాటకం ముందు తెల్లవార్లూ కూర్చున్నవాళ్లం కదా మనం! బటియాటస్ భార్య లుక్రీషియా తన మామగారి కోసం విషం కలిపిన మధువును, మల్లుడు ఒయినమస్ భార్య మెలిట్టా తాగేస్తుంటే నేను లేచి నిలబడ్డాను తెలుసా?

ఇక నీ ప్రశ్న. ఇంకో ముందుకథ తీస్తే బటియాటస్ మల్లుల్లో మేటి అయిన గానికస్‌దే తీయాలంటావు. విడుదలకు గుర్తుగా ఇచ్చే చెక్కకత్తి పుచ్చుకుని స్వేచ్ఛగా గడప దాటినవాడు ఊరూరా ఏం చేశాడో చూడాలని నీ ఆశ. నాకు లేదు. తాగుతాడు, ఆడవాళ్ల వెంట పడతాడు, మెలిట్టా గుర్తొస్తే మళ్లీ తాగుతాడు. స్నేహితుడి భార్యను ప్రేమించానన్న అతని అపరాధభావం పక్వానికి వచ్చేది ఒయినమస్ ఎదుట పడ్డప్పుడే, దాన్ని తర్వాతి సీజన్ 'వెంజియన్స్'లో చూపించేశారు. మధ్యలో ఖాళీని నింపితే ఆ బరువు తగ్గిపోతుంది. చరిత్రకారులు కూడా గానికస్‌ను యుద్ధంలో కాస్టస్‌తో కలిసి చనిపోయిన నాయకుడిగానే చెబుతారు తప్ప, అంతకుముందు అతనేం చేశాడో చెప్పరు.

నేనడిగేది ఇంకా వెనక్కి. బటియాటస్ తండ్రి, ఆ ముసలి టైటస్ వయసులో ఉన్న కాలానికి. గుంటల్లో జంతువులా పోట్లాడుతున్న ఒయినమస్‌ను అతను కొని తెచ్చి మనిషిని చేసిన రోజులకు. కొడుకుకు దక్కని మెప్పు బానిసకు దక్కుతుంటే ఆ తాలింఖానాలో బటియాటస్ ఎలా పెరిగాడో చూడు, చాలు, కథకు వేరే విలన్ అక్కర్లేదు. చివర్లో భీకర మల్లుడు థియోకోలీస్‌తో పోరు. ఒయినమస్ బతుకుతాడు, గెలవడు. ఆ మచ్చలతోనే కదా మనం అతన్ని మొదట చూసింది!

పైగా ఆ కాలానికి చరిత్రే ఒక మంచి ఘట్టం అందిస్తోంది. క్రీ.పూ. 105లో అరౌసియో (ఇప్పటి ఫ్రాన్సులో ఉంది) దగ్గర కింబ్రీ తెగలు రోమన్ సైన్యాలను తుడిచిపెట్టాయి. అదే ఏడాది రోమ్ ప్రధాన పాలకుల్లో ఒకడైన కాన్సల్ రుటిలియస్ రూఫస్ గ్లాడియేటర్ల శిక్షకులను పిలిపించి సైనికులకు కత్తిసాము నేర్పించాడు. ఊహించు, బానిసల నేర్పు సైన్యానికి కావలసి వచ్చింది! కుర్ర టైటస్ ఆ గర్వంతో తలెత్తుకు తిరుగుతాడు. 32 ఏళ్ల తర్వాత బటియాటస్ తాలింఖానా ఉన్న కాపువా ఊళ్లో వంటింటి కత్తులూ ఇనుప ఊచలూ పట్టుకుని స్పార్టకస్‌తో పారిపోయిన బానిసలు రోమన్ దళాలనే తరిమికొట్టారు.

2025 డిసెంబరులో వచ్చిన 'హౌస్ ఆఫ్ ఆషర్' సంగతి అడగకు. బటియాటస్ దగ్గరి మనిషి ఆషర్ వెసూవియస్ కొండమీద చావకుండా ఉంటే ఏమయ్యేదన్న ఊహ అది. ఆషర్ నాకిష్టమే, ఆ నక్కజిత్తులవాడు తెరమీద ఉంటే కన్ను తిప్పలేం. కానీ జరగని కథలో చావుకు విలువ తగ్గుతుంది.

చిక్కల్లా వేషధారులతోనే. జెఫ్రీ థామస్ ముసలి టైటస్‌గా కుదిరాడు, పడుచు టైటస్‌గా ఎవరిని పెడతావు? ఒయినమస్ వేషం వేసిన పీటర్ మెన్సాకు కూడా ఇప్పుడు కుర్రవేషం వేసే వయసు కాదు. మన ఇద్దరిలో సినిమా పిచ్చి నీకే ఎక్కువ కనుక ఆ పేర్లు నువ్వే వెతికి రాయి. గానికస్ పేరు మాత్రం మళ్లీ ఎత్తకు.

నీ
సత్యం