పరీక్షల ముందు బిట్లు వద్దు, ఒక్క పద్యం వేయండి

సంపాదకుల వారికి,

పరీక్షలు దగ్గర పడ్డాయంటే చాలు, మీ విద్యార్థుల పేజీ నిండా తెలుగు బిట్లే. ఉపమేయం అంటే ఏమిటి, ఆటవెలదిలో గణాలెన్ని, శతకానికి మకుటం ఉండాలా అక్కర్లేదా, కింద నాలుగు జవాబులు, ఒకదానికి టిక్కు. మా పెరంబూరులో తల్లులు ఆ పేజీ కత్తిరించి, జిరాక్స్ తీయించి మరీ పిల్లల చేత బట్టీ పట్టిస్తారు. మీ మాట మీద అంత గురి ఉంది కాబట్టే చెప్తున్నాను, దానివల్ల పిల్లలకి ఒరిగేది చాలా తక్కువ.

నేను టీచర్ని కాదు. సాయంత్రాలు మా వీధిలో పదో తరగతి పిల్లలు కొందరు తెలుగు పుస్తకం పట్టుకుని వస్తారు, కూర్చోబెట్టి చదివిస్తాను, అంతే. ఉపమాలంకారం లక్షణం అడిగితే గుక్క తిప్పుకోకుండా అప్పజెప్తారు. ఉపమేయం, ఉపమానం, సమానధర్మం, ఉపమావాచకం, నాలుగు భాగాలూ వరసగా. పద్యం చేతికిచ్చి అందులో ఉపమానం ఏదో వేలు పెట్టి చూపించమంటే మాత్రం నోరు పెగలదు. పోనీ వీళ్ళేమన్నా మొద్దులా అంటే కాదు, లెక్కల్లో తొంభైలు తెచ్చుకునేవాళ్ళు. మనం వాళ్ళకి మాటలు ఇచ్చాం, ఆ మాటలు దేన్ని గురించో చూపించలేదు.

చెన్నైలో ఇంకో చిక్కు ఉంది. 2006 చట్టం వచ్చాక ఒకటో తరగతి నుంచి తమిళం తప్పనిసరి, మా పిల్లలకి తెలుగు దాని పక్కన చదువుకునే భాష. తమిళం మీద నాకు ఫిర్యాదేమీ లేదు, ఈ ఊళ్ళో బతికేవాళ్ళకి అది కావాల్సిందే. కానీ తెలుగుకి దొరికే కాస్త టైమూ అర్థాల జాబితాలకే సరిపోతే ఇక పద్యం చదివేదెప్పుడు?

అందుకని ఈసారి జాబితాలన్నీ పక్కన పెట్టి ‘ఉప్పు కప్పురంబు నొక్క పోలిక నుండు’ ఒక్కటే తీసుకున్నాం. అందరికీ వచ్చిన పద్యమే, చిన్నప్పుడు అమ్మమ్మలు నేర్పిందే. చప్పట్లు కొడుతూ గణాలుగా, అంటే గురువు లఘువుల గుంపులుగా, విడదీశాం. ఉప్పు, కప్పు, రంబు, మూడూ హగణాలు. తర్వాత నొక్కపో రగణం, లికనుండు సలం. మూడు సూర్య గణాలు, రెండు ఇంద్ర గణాలు, ఆటవెలది మొదటి పాదం అయిపోయింది. మరి యతి, అంటే పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ కుదరాల్సిన పొత్తు? ‘ఉ’కీ ‘నొ’కీ ఎలా కుదురుతుంది ఆంటీ అని ఒకడు నిలదీశాడు. ఆ న ముందు మాటది, కప్పురంబున్ ఒక్క అని విడదీస్తే ఉ, ఒ ఎదురెదురుగా వస్తాయి, వాటికి మైత్రి ఉంది. రెండో పాదంలో ‘చూడ’కీ ‘జాడ’కీ మొదటి అక్షరాలు కలవవు, రెండో అక్షరం కలుస్తుంది, అదీ ప్రాసయతి. ఇక్కడ ఒక అమ్మాయి ‘అయితే ఇది ఎదుగై, ముందుది మోనై’ అంది! తమిళ క్లాసులో నేర్చుకున్నవి అవి, మొదటి అక్షరాలు కలిస్తే మోనై, రెండో అక్షరాలు కలిస్తే ఎదుగై. రెండూ అచ్చంగా ఒకటి కావనుకోండి, కానీ ఆ పోలిక పట్టుకున్నాక యతి, ప్రాస అన్న మాటలు వాళ్ళకి మళ్ళీ మళ్ళీ చెప్పాల్సిన పని పడలేదు.

కప్పురం వికృతి, దాని ప్రకృతి కర్పూరం. వేరయా ఉత్వ సంధి. పుణ్య పురుషులు విశేషణ పూర్వపద కర్మధారయం. చూడ చూడలో రెండోది ఆమ్రేడితం. ఇవన్నీ ఆ నాలుగు పాదాల్లోనే ఉన్నాయి. అసలు గొడవ అలంకారం దగ్గర వచ్చింది. పద్యంలో పోలిక అన్న మాటే ఉంది కదా, ఉపమ కాదా అని ఒకడి వాదన. కవి చెప్పదలచింది మనుషుల సంగతి, ఉప్పు సంగతి దాని పక్కన నిలిపి చూపిస్తున్నాడు, రెంటినీ కలపడానికి ‘వలె’ లేదు ‘లాగా’ లేదు, కాబట్టి దృష్టాంతం అని ఇంకొకడు. అరగంట పట్టింది. ఆ అరగంటలో ఎంత వచ్చిందో బిట్ల జిరాక్సులు వారం రోజులు తిరగేసినా రాలేదు.

వచనంలోనూ ఇదే తంతు. సారాంశం రాయమంటే కథంతా రాస్తారు, పాత్ర స్వభావం రాయమంటే మళ్ళీ అదే కథ. మన చెన్నైలోనే ప్రెసిడెన్సీ కాలేజీలో తెలుగు చెప్పిన చిన్నయసూరి 1853లో అచ్చు వేయించిన ‘నీతిచంద్రిక’లో పావురాల రాజు చిత్రగ్రీవుడి కథ ఉంది. పావురాలు వలలో పడ్డాయి, వలతో సహా ఎగిరాయి, ఎలుక వచ్చి కొరికింది, ఇది సారాంశం. ముందు నా వాళ్ళ కట్లు కొరుకు, నావి తర్వాత అని రాజు అడగడం పాత్ర స్వభావం. రెంటినీ పక్కపక్కన పెట్టి చూపిస్తే చాలు.

నేను కోరేది ఇంతే. హాఫ్ ఇయర్లీ మొదలయ్యే లోపు వారానికి ఒక పద్యమో, పది లైన్ల వచనమో పెద్ద అక్షరాల్లో వేయండి, దాన్ని చూస్తే గానీ జవాబు దొరకని ప్రశ్నలు నాలుగైదు ఇవ్వండి. జవాబుతో పాటు ఎందుకో ఒక వాక్యం కూడా రాయండి, ఉత్త ‘బి’ అంటే ఎవరికీ ఏమీ తెలియదు. తెలుగు పండితులు రిటైరైనవాళ్ళు ఈ ఊళ్ళో చాలామందే ఉన్నారు, మీరు అడిగితే కాదనరు. ఇంకొకటి, జవాబులు అదే పేజీలో తలకిందులుగా వేయకండి, పిల్లలు పేపరు తిప్పి చూసేస్తున్నారు. మర్నాడు వేయండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
పెరంబూరు, చెన్నై