ఆ గేటు సంగతి

అబూజా, నైజీరియా,
ఆదివారం రాత్రి

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం వచ్చి నాలుగు నెలలు దాటింది. తిట్టుకునే ఉంటావు, తిట్టు. రెండుసార్లు రాయడానికి కూర్చుని "ఇక్కడ అందరం క్షేమం" దగ్గరే ఆగిపోయాను. ఆ ముక్కలు ముందే చెప్పేస్తా. నాకు మలేరియా వచ్చి తగ్గింది, చిన్నది ఆరో తరగతికొచ్చింది, సుజాతకి కందిపప్పు అమ్మే కొట్టొకటి తెలిసింది, మీ అమ్మగారు పంపిన మాగాయ నిన్నటితో అయిపోయింది. ఇక అసలు సంగతి.

నేను ఆ గేటు చూశానురా! చేత్తో పట్టుకుని మరీ చూశాను.

ఏ గేటు అంటావు. ఆగు, మొదట్నుంచీ చెబుతా. మా ఆఫీసులో నా పక్క సీటాయన గురించి రాశాను కదా, కడూనా మనిషి, యాభై ఏళ్ళుంటాయి. నేను ఆయన్ని ఓగా అంటాను, ఇక్కడ పెద్దాయన్ని, బాసుని అలా పిలుస్తారు. "మీ లోక్‌సభ గురించి రోజూ చెబుతావు, మాది ఒక్కసారి కూడా చూడవేం" అని మొన్న బుధవారం సెలవు పెట్టించి మరీ లాక్కుపోయాడు. పాసు సంపాదించడం, నాలుగు చోట్ల తనిఖీ, అదంతా వదిలెయ్.

ఊళ్ళో ఎక్కడ నుంచున్నా ఆసో రాక్ కనిపిస్తుంది. మన భువనగిరి గుట్ట లాంటి ఒంటి బండ. దాని ముందు ఆకుపచ్చ గుమ్మటంతో వాళ్ళ పార్లమెంటు. కింది సభ పేరు హౌస్ ఆఫ్ రిప్రజెంటేటివ్స్. జనం మాత్రం గ్రీన్ చాంబర్ అంటారు, సెనేట్‌ని రెడ్ చాంబర్ అంటారు. మన లోక్‌సభ తివాచీ కూడా ఆకుపచ్చే, రాజ్యసభది ఎరుపే కదా! గ్యాలరీలో కూర్చోగానే నాకు మనూరి బంధువు ఎదురుపడినట్టనిపించింది. మొత్తం 360 మంది. ఈ దేశ జనాభా 20 కోట్లు ఎప్పుడో దాటింది, అంటే ఒక్కో సభ్యుడికి సుమారు ఆరు లక్షల మంది. మన ఎంపీకి పాతిక లక్షలు!

ముందు సార్జెంట్ ఎట్ ఆర్మ్స్ బంగారు రంగు దండం భుజాన ఆనించుకుని నడిచాడు, అందరూ లేచారు. దాన్ని మేస్ అంటారు. అది బల్ల మీద లేకపోతే సభ సభే కాదట. 2018 ఏప్రిల్లో పై సభలో, సెషన్ నడుస్తుండగానే, కొందరు జొరబడి దాన్ని లాక్కుపోయారు. మర్నాడు ఒక ఫ్లైఓవర్ కింద దొరికింది. ఈ సభ స్పీకర్ తాజుద్దీన్ అబ్బాస్, జారియా ఊరాయన. 2023 జూన్‌లో 353 ఓట్లు ఆయనకే పడ్డాయి. ప్రార్థన అయింది, ప్రతిజ్ఞ చదివారు. కింద చూస్తే టోపీల సంత! ఉత్తరాది వాళ్ళ కుట్టుపని టోపీలు, ఇగ్బోల ఎర్ర టోపీలు, యోరుబాల టోపీలు ఒక చెవి మీదికి వాలి. ఇగ్బో, హౌసా, యోరుబా భాషల్లో కూడా సభ నడపవచ్చని వీళ్ళ రాజ్యాంగంలో రాసి ఉంది, "తగిన ఏర్పాట్లు జరిగాక". నేను విన్నదంతా ఇంగ్లీషే. ఓగా హౌసా మాట కోసం చెవులు రిక్కించి కూర్చున్నాడు, పాపం. నాకూ మనసు చివుక్కుమంది. మన తెలుగు ఎంపీ తెలుగులో మాట్లాడితే నువ్వు టీవీ సౌండు పెంచుతావే, అదే.

ఓటింగంటే అవునన్నవాళ్ళు ఒకసారి, కాదన్నవాళ్ళు ఒకసారి అరుస్తారు, స్పీకర్ సుత్తి కొడతాడు, పని అయిపోతుంది. పై నుంచి నాకైతే రెండు అరుపులూ ఒకేలా వినిపించాయి. 2024 మే నెలలో జాతీయగీతం మార్చే బిల్లు ఒక్క రోజులో ఈ సభ దాటేసిందట. ఓగా బడిలో నేర్చుకున్న గీతం పోయి, 1960 నాటిది మళ్ళీ వచ్చింది. అంత పెద్ద సంగతికి అంత తొందర నాకు నచ్చలేదు.

సరే, గేటు. బయటికొస్తుంటే ఓగా ఇనప గేటు దగ్గర ఆగి కడ్డీ మీద చెయ్యేశాడు. "ఇదే" అన్నాడు.

2014లో స్పీకర్ అమీను తంబువాల్. 2011లోనే ఈయన కథ మొదలైంది. అధికార పార్టీ పీడీపీ ఒకామెని స్పీకర్‌ని చేద్దామనుకుంటే, సభ్యులు ఆ మాట కాదని 252 ఓట్లతో ఈయన్ని ఎన్నుకున్నారు, ఆమెకి 90. ఆ మనిషే 2014 అక్టోబరు 28న పార్టీ మారి ప్రతిపక్షంలో చేరాడు. పోలీసు భద్రత తీసేశారు. రాజీనామా చెయ్యమన్నారు, చెయ్యలేదు. స్పీకర్‌ని దించాలంటే మూడింట రెండొంతుల మంది కావాలి, అంటే 240 తలలు. నవంబరు 20న సభ పిలిచాడు. బోకో హరామ్ ఉగ్రవాదులు చిబోక్ ఊళ్ళో బడిపిల్లల్ని ఎత్తుకుపోయిన ఏడాది అది. బోర్నో, యోబె, అదమావా రాష్ట్రాల్లో ఎమర్జెన్సీ పొడిగించాలా వద్దా తేల్చాలి. సభ్యులు వచ్చేసరికి గేటుకి తాళం, ముందు పోలీసులు! అల్లరిమూకలు జొరబడతాయని సమాచారం వచ్చిందని తర్వాత చెప్పుకున్నారు.

అప్పుడేం చేశారో తెలుసా? గేటెక్కారు! జనం ఓటేసి పంపిన ప్రతినిధులురా, కాళ్ళదాకా జారే బారు అంగీలు నడుం దగ్గర దోపుకుని, కడ్డీల మీద కాలు మోపి ఒక్కొక్కరే అవతలికి దూకారు. పోలీసులు లోపల లాబీలో బాష్పవాయువు వదిలారు. ఓగా ఆ రోజంతా టీవీ ముందు నుంచి లేవలేదట.

నేను ఆగలేక చెప్పేశాను, "మా భాషలో పార్టీ మారితే గోడ దూకాడంటాం" అని. ఆయన నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నాడు. వీళ్ళు కార్పెట్ దాటడం అంటారు, ఇంకో మాట డీక్యాంప్. "మా కార్పెట్ మాట మీ గోడ మాట ముందు చిన్నదే. ఆ రోజు మీదే నిజమైంది" అన్నాడు. గోడ దూకిన మనిషి కోసం తోటివాళ్ళు నిజంగానే దూకారు కదా!

తర్వాత ఉన్నట్టుండి ఆయన ముఖం మారిపోయింది. 2007 అక్టోబరులో ఇదే సభలో, మొదటి మహిళా స్పీకర్ ప్యాట్రీషియా ఎట్టే మీద గొడవ జరుగుతుండగా కట్సినా రాష్ట్రం సభ్యుడు డాక్టర్ అమీను సఫానా కుప్పకూలి చనిపోయాడట. వైద్యుడాయన. కాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు.

ఇంకొకటి. 2022 మార్చిలో స్త్రీలకి ప్రత్యేక సీట్ల సవరణ ఓటింగులో ఓడిపోతే, ఆడవాళ్ళు వచ్చి ఈ గేటు బయటే కూర్చున్నారు. 360 మందిలో ఆడవాళ్ళు ఇరవై మంది కూడా లేరురా! నేను పై నుంచి ఆడవాళ్ళ తలగుడ్డలు లెక్కపెడదామని చూశాను. ఒక చేతివేళ్ళు దాటలేదు. మగవాళ్ళు ఎక్కి దూకగలిగిన గేటు వాళ్ళకి మాత్రం... ఏమిటో, సరిగ్గా చెప్పలేకపోతున్నాను.

నేను ఆ కడ్డీ పట్టుకున్నప్పుడు నాకు ఎవరు గుర్తొచ్చారనుకున్నావు? "నువ్వు పట్టుకో, నేను దూకుతా!" మీ నాన్నకి సీరియస్ అని కబురొచ్చిన రాత్రి మన హాస్టల్ గేటుకి తాళం. వార్డెన్ లేవలేదు. నా భుజం మీద నీ మడమ నొక్కుకుపోయిన చోటు నాకిప్పటికీ తెలుసు. చివరి బస్సు అందుకున్నావు, ఆయన్ని చూశావు. ఆ రాత్రి మనం గేటు తీసేదాకా కూర్చుని ఉంటే... వద్దులే. ఓగాకి ఇదంతా చెప్పాను, బెల్లం సంగతి తప్ప. అది మనిద్దరిదే.

అన్నట్టు తంబువాల్ తర్వాత సొకోటో రాష్ట్రానికి గవర్నరయ్యాడు, 2018లో మళ్ళీ పాత పార్టీకే వెళ్ళాడు. దాని మీద ఓగాకీ నాకూ పెద్ద వాదన జరిగింది, అది ఇంకా

కరెంటు పోయింది, సెల్ వెలుతురులో రాస్తున్నా. ఈ ఉత్తరం తెల్లారి హైదరాబాద్ వెళ్తున్న మా వాళ్ళబ్బాయి చేతికివ్వాలి, కింద హారన్ కొడుతున్నాడు. నీకో టోపీ పంపుతున్నా, బోర్నోది, పెట్టుకుని ఫోటో తీసి పంపు. వాదన సంగతి వచ్చే ఉత్తరంలో.

నీ
రాజు